గ్లియోబ్లాస్టోమా తిరగబెట్టాక: "నాన్న మమ్మల్ని తిడుతున్నారు, అమ్మను గుర్తుపట్టడం లేదు"

ఇదే కష్టంలో ఉన్న వేరేవాళ్లు చదివినా అర్థమయ్యేలా, మీరు రాసినదాన్ని ముందు నాలుగు మాటల్లో చెప్పేస్తాను. మీ నాన్నగారు సూర్యాపేటలో లెక్కల మాస్టారు, వయసు 58. నిరుడు తలనొప్పితో, మాట తడబడటంతో మొదలైంది. ముందు కళ్లజోడు డాక్టర్ దగ్గరికి వెళ్లారు, అలా ఒక నెల పోయింది. స్కాన్‌లో మెదడు ముందు భాగంలో గడ్డ కనిపించింది, బయాప్సీలో అది గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ అని, అన్నిటికంటే ఉధృతమైన గ్రేడ్ 4 అని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్, ఆరు వారాల రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో క్యాప్సూల్స్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు గడ్డ మళ్లీ పెరిగిందని, ఇంట్లోనే చూసుకోమని డాక్టర్లు చెప్పారు. ఏనాడూ గొంతు పెంచని మనిషి మిమ్మల్ని బూతులు తిడుతున్నారు. ఒక్కోరోజు అమ్మను చూసి "ఈవిడెవరు" అంటున్నారు. తమ్ముడు డల్లాస్‌లో ఉన్నాడు. తమ్ముడు ఎప్పుడు రావాలి, నాన్నకు నిజం చెప్పాలా, ఇంకో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలా, ఆఖరున ఎలా ఉంటుంది అని అడిగారు. చివర్లో, "ఆయన కళ్లముందే ఉన్నా పోయినట్టు ఏడుపొస్తోంది, ఇలా అనుకోవడం పాపమేమో" అని రాశారు.

నేను క్యాన్సర్ రోగుల ఇళ్లకు వెళ్లి చూసుకునే పాలియేటివ్ కేర్ నర్సును, అంటే నొప్పి, బాధ తగ్గించి ఉపశమనం ఇచ్చే వైద్యం మా పని. ఈ పనిలోకి రాకముందే మా అమ్మ ఇదే గడ్డతో పోయింది. కాబట్టి మీరు చివర్లో రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను.

అది పాపం కాదమ్మా. చాలా క్యాన్సర్లలో ఒళ్లు శుష్కించిపోయినా మనిషి మాత్రం దాదాపు ఆఖరిదాకా మన మనిషిగానే ఉంటాడు. మెదడులో గడ్డ అలా ఉండనివ్వదు. ముందు ఓపిక పోతుంది, తర్వాత మాట, తర్వాత గుర్తు. ప్రాణం ఆఖరున పోతుంది. ఒక్కొక్కటీ పోయినప్పుడల్లా ఇంట్లోవాళ్లకు ఒక చావే. ఆ ఏడుపు ఆయన మీద ప్రేమతో వస్తున్నదే. బయటివాళ్లకు మాత్రం అది కనిపించదు, "ఉన్నాడుగా, అప్పుడే ఏడుస్తావేంటి" అంటారు. వాళ్లకు జవాబు చెప్పే పని పెట్టుకోకండి.

తిట్ల సంగతి. మెదడు ముందు భాగం చేసే పెద్ద పని మనల్ని మనం ఆపుకోవడం. నోటిదాకా వచ్చిన మాటను మింగేయడం, ఎవరి ముందు ఎలా ఉండాలో చూసుకోవడం, ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని తెలుసుకోవడం, ఇవన్నీ అక్కడి పనులే. గడ్డ, దాని చుట్టూ వచ్చే వాపు ఆ చోటును పాడుచేస్తే, ఎంత మర్యాదస్తుడైనా ఏది తోస్తే అది అనేస్తాడు. "మనసులో ఉన్నదే ఇప్పుడు బయటికొస్తోంది" అని బంధువులెవరైనా అంటే నమ్మకండి. మా అమ్మ నన్ను నర్సింగ్ చదివించడానికి తన గాజులు తాకట్టు పెట్టింది. ఆఖరి రోజుల్లో అవే గాజులు నేను దొంగిలించానని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఆ మాట నన్ను చాలా ఏళ్లు తొలిచింది. ఇప్పుడు నేను వెళ్లే ఇళ్లలో ఇలాంటివి ఎన్నో వింటుంటాను. దొంగతనం, అన్నంలో విషం, భార్య మీద అనుమానం. మంచి కాపురాలు చేసినవాళ్ల నోటివెంటే ఇవి వింటాను. మీ నాన్నగారు ఎలాంటివారో 57 ఏళ్లు బతికి చూపించారు, ఈ కొన్ని నెలల మాటలను ఆ లెక్కలో కలపకండి.

అలాగని అంతా గడ్డదే అనుకుని వదిలేయకూడదు. తగ్గించగల కారణాలూ ఉంటాయి. మెదడు వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు నిద్ర చెడగొడుతుంది, కోపం, చిరాకు పెంచుతుంది, ఒక్కోసారి లేనివి ఉన్నట్టు అనిపించేలా చేస్తుంది. సాయంత్రం డోసు ఉంటే దాన్ని మధ్యాహ్నంలోపే ఇవ్వొచ్చా, డోసు తగ్గించొచ్చా అని డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. కొన్నాళ్లు వాడాక ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోవచ్చు, వాపు తిరగబెట్టవచ్చు. ఈ మందు వాడుతుంటే షుగర్ కూడా పెరుగుతుంది, ఇంట్లో గ్లూకోమీటర్ ఉంచండి. తొడల్లో బలం తగ్గి కూర్చున్నచోటు నుంచి లేవలేకపోవడం కూడా చాలావరకు ఈ మందు పనే. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటామ్ వల్ల కూడా కొందరికి విపరీతమైన కోపం వస్తుంది, దానికి బదులు వేరే మందులున్నాయి. ఇంకో రెండు చిన్న విషయాలు: మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం. బాధ ఎక్కడుందో చెప్పలేని మనిషి తిట్టే తిడతాడు. గొడవ హఠాత్తుగా పెరిగిందంటే ముందు పొట్ట కింది భాగం ఉబ్బిందేమో చూడండి, జ్వరం ఉందేమో చూడండి.

ఆయన కోపంలో ఉన్నప్పుడు వాదించొద్దు, "నేను నీ కూతుర్ని, మర్చిపోయావా" అని పరీక్ష పెట్టొద్దు. టీవీ ఆపేసి, గదిలో ఒక్కరే ఉండి, చిన్న చిన్న మాటలతో మాట్లాడండి. అమ్మను "ఈవిడెవరు" అంటే, "అమ్మే, నాన్నా, నీకు కాఫీ తెచ్చింది" అని మామూలుగా చెప్పి ఊరుకోండి. ఆ మాటకు అమ్మ కుంగిపోతుంది. ఆవిడకు ఇదంతా డాక్టర్ చేతో, నర్సు చేతో చెప్పించండి, కూతురు చెబితే ఓదార్పుగా తీసుకుంటుంది తప్ప నమ్మదు.

ఇప్పుడు మీ ప్రశ్నల్లో అన్నిటికంటే తొందరదానికి వస్తాను. తమ్ముడు ఎప్పుడు రావాలని అడిగారు. ఈ వారమే. ఆఖరి ఘడియలకు వద్దామని ఆగినవాళ్లు చాలామంది మాట పోయాక వచ్చారు. నాన్నగారికి ఇంకా పొద్దున కొంచెంసేపు తెలివిగా ఉంటోందని రాశారు. వాడు కూర్చోవలసింది ఆ పొద్దుల్లో. ఉన్న సెలవును రెండు ముక్కలు చేసుకోవడం కుదరకపోతే, అంత్యక్రియలకంటే ఇప్పుడు రావడమే మేలని నా అభిప్రాయం. కొడుకు తలకొరివి పెట్టలేదని ఊరంతా అనుకున్నా సరే, నా మాట ఇదే.

నిజం చెప్పాలా అన్నదానికీ అదే పొద్దుటి వేళ కావాలి. మన ఇళ్లలో ఒక అలవాటుంది, రోగికి తప్ప అందరికీ చెప్తారు. పక్కింటివాళ్లకు తెలుసు, పాలు పోసేవాడికి తెలుసు, మంచం మీది మనిషికి మాత్రం "రక్తం గడ్డకట్టింది, తగ్గిపోతుంది" అంటారు. రేడియేషన్ వార్డులో ఆరు వారాలు కూర్చున్న మాస్టారికి తనకేమైందో తెలియదని నేననుకోను. చెప్పేయాలా దాచాలా అని తల బద్దలు కొట్టుకోవడంకంటే ఆయన్నే అడగండి: "నాన్నా, డాక్టర్లు ఏం చెప్పారో నీకు తెలుసుకోవాలని ఉందా?" వద్దంటే ఆపేయండి, అది కూడా ఆయన హక్కే. తెలుసుకోవాలంటే, "జబ్బు మళ్లీ వచ్చింది, ఈసారి నయం చేసే మందు లేదు, నీకు నొప్పి లేకుండా చూసుకుంటాం, నిన్ను వదిలి ఎక్కడికీ పోం" అని చెప్పండి. ఆ తర్వాత మాట్లాడకుండా కాసేపు కూర్చోండి, ఆయన అడిగేవి ఆయనే అడుగుతారు. ఎక్కడ ఉండాలనుంది, ఎవర్ని చూడాలనుంది, ఐసీయూ వద్దా కావాలా అన్నవి ఆయన నోటినుంచి వినగలిగితే, తర్వాత మీరు తీసుకునే ఏ నిర్ణయానికీ మీరు తల దించుకోనక్కర్లేదు.

ఈ మాట రాయడం కష్టంగానే ఉంది, కానీ రాయాలి: సంతకాల పనులు కూడా ఆయనకు తెలివి ఉన్నప్పుడే చూసుకోండి. బ్యాంకు ఖాతాలు, పీఎఫ్, ఇన్సూరెన్స్‌లకు నామినీ ఎవరో చూడండి. వీలునామా రాయాలనుకుంటే, ఆయన అర్థం చేసుకుని రాస్తున్నారని డాక్టర్ సర్టిఫికెట్ తీసుకోండి. మామూలు పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. రాసిన మనిషి మతిస్థిమితం కోల్పోతే కాంట్రాక్టు చట్టం ప్రకారం అది చెల్లదు. ఫోన్ లాక్, ఏ ఖాతా ఎక్కడుందో రాసిన డైరీ లాంటివి కూడా అడగండి. స్వార్థమనుకోకండి. రేపు బ్యాంకు చుట్టూ తిరగాల్సింది అమ్మే.

ఇంకో ఆసుపత్రి మాట. రెండో అభిప్రాయం తీసుకోండి, తప్పు లేదు. కానీ ఆయన్ని కారులో పడేసి ఊళ్లు తిప్పనక్కర్లేదు. ఎమ్మారై సీడీలు, బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ సమ్మరీ పట్టుకుని మీరు వెళ్తే చాలు. అక్కడేం చెప్తారో అర్థం కావాలంటే ఈ గడ్డ తీరు తెలియాలి. ఇది ఒక ఉండలా ఒక్కచోట ఉండదు. నేలలో గరిక వేర్లలా చుట్టుపక్కల మంచి మెదడులోకి పాకి ఉంటుంది, ఆ వేర్లు స్కాన్‌లో కూడా పూర్తిగా కనబడవు. అందుకే సర్జన్ కనబడినదంతా తీసినా మిగిలిపోతుంది. పైగా రక్తంలో ఉన్న చాలా మందుల్ని మెదడులోకి పోనివ్వని అడ్డుగోడ ఒకటి మన ఒంట్లోనే ఉంది. మీ నాన్నగారికి ఇచ్చిన చికిత్స, అంటే 30 విడతల్లో 60 గ్రే (రేడియేషన్‌ను కొలిచే లెక్క) రేడియేషన్, దాంతోపాటు టెమోజోలమైడ్, 2005లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంతో ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. అందులో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో సగంమంది 12.1 నెలలకు మించి బతకలేదు, మందు కూడా తీసుకున్నవాళ్లలో అది 14.6 నెలలు. రెండేళ్లు దాటినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. ఈ లెక్కలు చూస్తే మీకు గుండె జారుతుందని తెలుసు. లెక్కల మాస్టారి అమ్మాయి కాబట్టి చెబుతున్నాను, మీరు ఏదీ తక్కువ చేయలేదని తెలుసుకోవడానికి.

తిరగబెట్టాక కొందరికి మళ్లీ ఆపరేషన్, మళ్లీ రేడియేషన్ చేస్తారు. మనిషి లేచి తిరుగుతూ, గడ్డ చిన్నగా, తీయడానికి వీలైన చోట ఉన్నప్పుడు దానికి అర్థముంటుంది. బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ మాట వస్తుంది. అది వాపు తగ్గించి కొందరికి కొన్నాళ్లు ఉపశమనం ఇస్తుంది, స్టెరాయిడ్ డోసు తగ్గించుకోవడానికి పనికొస్తుంది, కానీ మొత్తంగా ఆయుష్షు పెంచినట్టు తేలలేదు. డాక్టర్‌ను ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: "ఇది చేయిస్తే ఆయన లేచి కూర్చుని మాతో మాట్లాడే రోజులు పెరుగుతాయా?" జవాబులో నీళ్లు నములుతున్నారంటే పొలం అమ్మొద్దు. పసరు మందులు, మంత్రించిన నీళ్లు, యూట్యూబ్‌లో చూసిన కషాయాలు పట్టుకుని బంధువులు వస్తారు. తీర్థం, విభూతి అయితే తీసుకోండి, అమ్మకు మనశ్శాంతి. కడుపులోకి పంపే తెలియని మందు మాత్రం వద్దు, ఫిట్స్ మందులతో పడక ప్రమాదం రావచ్చు.

వెంటిలేటర్ గురించి ఇప్పుడే ఇంట్లో అందరూ ఒక మాట అనుకోండి. గౌరవంగా మరణించే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, ముందస్తుగా రాసిపెట్టుకునే పత్రం పద్ధతిని 2023లో సులువు చేసింది. నయం కాని జబ్బులో కృత్రిమ శ్వాస వద్దనడం నేరం కాదు, కర్కశత్వమూ కాదు. ఈ మాట అనుకోని ఇళ్లలో ఏమవుతుందో చాలాసార్లు చూశాను. అర్ధరాత్రి ఊపిరి మారగానే భయపడి అంబులెన్స్ ఎక్కిస్తారు, ఆ మనిషి ఆఖరి రోజులు గొట్టాల మధ్య, కుటుంబం అద్దం బయట గడిచిపోతాయి.

ఇంటికి సాయం. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్‌లో డబ్బు తీసుకోకుండా చూస్తారు. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇళ్లకు వచ్చే ఆలన బృందాలు ఉన్నాయి, మీ జిల్లా ఆసుపత్రిలో అడిగి పేరు రాయించండి. విశాఖ వైపు వాళ్లు ఎవరైనా చదువుతుంటే, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిని సంప్రదించండి. మంచాన పడ్డాక కాదు, ఇప్పుడే పేరు రాయించాలి. పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడమని మనవాళ్ల భయం. అక్కడే నొప్పికి మార్ఫిన్ దొరుకుతుంది, ఫిట్స్‌కు ముక్కులో కొట్టే స్ప్రే ఇస్తారు, రాత్రి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉంటుంది.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, టైమ్ చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం ఏదీ వద్దు. డాక్టర్ రాసిచ్చిన మిడజోలమ్ స్ప్రేను చెప్పిన పద్ధతిలో వాడండి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే పాలియేటివ్ బృందానికి ఫోన్ చేయండి, వాళ్లు అందకపోతే 108కి.

తిండి దగ్గర మన ఇళ్లలో ఎక్కువ కన్నీళ్లు. మింగడం తగ్గినప్పుడు పలచటి నీళ్లే ముందు పొలమారుతాయి, చిక్కటి రాగి జావ, పెరుగు, మెత్తగా చేసిన పప్పన్నం నయం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో పెట్టండి. దగ్గితే ఆపేయండి. ఒక దశలో ఆయనే నోరు తెరవరు. ఒళ్లు మూతపడుతోంది కాబట్టి ఆకలి ఉండదు, మీరు పెట్టకపోవడంవల్ల ఆయన పోవడం లేదు. ముక్కులో పైపు వేయించాలా అన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి. ఆఖరి రోజుల్లో దానివల్ల మేలు చాలా తక్కువ, పైపు పీకేయకుండా చేతులు కట్టేయాల్సిన పరిస్థితి వస్తే అసలు వద్దు.

ఆఖరున ఎలా ఉంటుందని ధైర్యంగా అడిగారు, కాబట్టి చెబుతాను. ఎక్కువమందిలో అది నిద్రలా వస్తుంది. రోజులో ఎక్కువసేపు నిద్రపోతారు, తర్వాత లేపినా కళ్లు తెరవరు. మాత్రలు మింగలేరు కాబట్టి ఫిట్స్ మందు, నొప్పి మందు చర్మం కిందికి ఇచ్చే ఏర్పాటు ముందే చేయించుకోవాలి. గొంతులో గురగుర శబ్దం వస్తుంది. వినడానికి భయంకరంగా ఉంటుంది, కానీ ఆ స్థితిలో ఆయనకు దాని బాధ తెలియదనే మా వైద్యం చెబుతుంది. పక్కకు తిప్పితే తగ్గుతుంది, మందులూ ఉన్నాయి. శ్వాస ఆగి ఆగి వస్తుంది. చేతులు, పాదాలు చల్లబడి రంగు మారతాయి. ఆ సమయంలో ఇల్లంతా జనం, తలా ఒక చెంచా తులసి తీర్థం పోస్తారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తీర్థంలో దూది తడిపి పెదాలకు అద్దమనండి, ఆచారం జరుగుతుంది, ఆయనకూ ఇబ్బంది ఉండదు. మాటలు వినబడుతున్నాయనే అనుకుని మాట్లాడండి. ఇంట్లో పోతే ఏం చేయాలో చూసే డాక్టర్‌ని ముందే అడిగి ఉంచండి, మరణ కారణం రాసిచ్చే కాగితం ఆయన ఇవ్వాలి. 21 రోజుల్లోపు నమోదు చేయించాలి.

మీరు రాయని ప్రశ్న ఒకటుంది, అయినా మీ ఉత్తరమంతా అదే. "మొదట తలనొప్పి అన్నప్పుడే స్కాన్ తీయించి ఉంటే? అమెరికా తీసుకెళ్లి ఉంటే?" అమెరికా సెనేటర్ టెడ్ కెన్నెడీకి 2008 మేలో ఇదే రకం గడ్డ బయటపడింది, 2009 ఆగస్టులో చనిపోయారు. జాన్ మెకెయిన్‌కు 2017 జూలైలో తెలిసింది, 2018 ఆగస్టులో పోయారు. అప్పటి ఉపాధ్యక్షుడు బైడెన్ పెద్ద కొడుకు బో బైడెన్ 46 ఏళ్లకే 2015లో ఈ జబ్బుతోనే పోయాడు. ఆ దేశంలో వాళ్లకు అందని డాక్టర్ లేడు, కొనలేని మందు లేదు. మీరు నెల ముందు కళ్లజోడు డాక్టర్ దగ్గరికి వెళ్లడం వల్లో, అప్పు చేయకపోవడం వల్లో ఇది ఇలా ముగియడం లేదు. మీకూ తమ్ముడికీ వస్తుందేమోనన్న భయం కూడా ఉంటుంది. ఇది వంశపారంపర్యంగా రావడం చాలా అరుదు. ఇంట్లో ఇంకెవరికీ మెదడు గడ్డలు గానీ, చిన్న వయసులో క్యాన్సర్లు గానీ లేకపోతే మీరు స్కాన్లు తీయించుకోనక్కర్లేదు.

ఆయన పోయాక మీకు ముందు ఊరట కలగవచ్చు. రాత్రుళ్లు నిద్రపోతారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ ఊరటకు మళ్లీ సిగ్గుపడతారు. పడకండి. నెలల తరబడి నడుం విరిగేలా చేసినవాళ్లకే ఆ ఊరట తెలుస్తుంది. కొంతకాలం నాన్నను తలచుకుంటే ఆఖరి రూపమే గుర్తొస్తుంది, స్టెరాయిడ్‌తో ఉబ్బిన ముఖం, ఆ తిట్లు. పాత నాన్న మెల్లగా తిరిగొస్తారు. ఆయన శిష్యులు పరామర్శకు వస్తారు కదా, క్లాసులో ఆయన ఎలా ఉండేవారో చెప్పించుకోండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. నాకు మా అమ్మను అలా తెచ్చిపెట్టింది మా వీధిలోని ఆవిడ స్నేహితురాళ్లే. ఏడాది దాటినా రోజువారీ పనులు జరగకపోతే, బతకాలని లేదనిపిస్తే, అది మీ బలహీనత కాదు, వైద్యం ఉన్న స్థితి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఏడాది దాకా కాదు, ఆ పూటే ఎవరికైనా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు.

ఇక అమ్మగారు. పెద్దకర్మ రోజున ఆవిడ చేత గాజులు పగలగొట్టించడం, బొట్టు తుడిపించడం లాంటివి చేయించాలా వద్దా అన్నది ఆవిడనే అడగండి, మీ పెద్దమ్మలను, అత్తయ్యలను కాదు. వద్దంటే మీరిద్దరూ అడ్డంగా నిలబడండి. ఫ్యామిలీ పెన్షన్‌కు అమ్మానాన్నల ఆధార్‌లో, సర్వీసు రిజిస్టర్‌లో పేర్లు, పుట్టినతేదీలు సరిపోయాయో లేదో ఇప్పుడే చూడండి, తేడా ఉంటే దిద్దించండి. ఇప్పటినుంచే వారంలో రెండు రాత్రులైనా ఆవిడను వేరే గదిలో పడుకోబెట్టి మీరో, మేనత్తో, జీతానికి పెట్టుకున్న మనిషో నాన్నగారి దగ్గర ఉండండి. ఆవిడ బీపీ మాత్ర వేసుకుంటోందా లేదా అన్నది మీరు రాయలేదు, ఈ రోజే అడిగి చూడండి.